బొంతకు నాలుగో మూల

పిచ్చమ్మ బొంత కుడుతున్నప్పుడు ఆమె వాకిట్లో నిలబడకూడదని పాలెంలో ఆడవాళ్ళందరికీ తెలుసు. పలకరిస్తే పలకదని కాదు. పలుకుతుంది, దాంతోపాటు మనం కట్టుకున్న చీర వైపు ఒక చూపు చూస్తుంది. "బాగా మెత్తబడిందే! ఇంకో ఏడాది కట్టి నాకియ్యి, మంచి బొంత అవుతుంది" అంటుంది. మోజుపడి కొనుక్కున్న చీరను అప్పుడే బొంత చేసి చూపిస్తే ఎవరికి మాత్రం మండదు? అయినా చివరికి ఆ చీరలన్నీ ఆ వాకిట్లోకే చేరతాయి. అందుకే ఆమె కూడా తన చూపు మార్చుకోలేదు.

వాకాడు దాటి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు సరుగుడు తోపుల మధ్య పోయి పోయి, ఇక ఓపిక లేక ఇసుకలో ఆగిపోయే చోట ఉంది ఆ పాలెం. సునామీ తర్వాత కట్టించిన స్లాబు ఇళ్ళ వరసలో చివరిది పిచ్చమ్మది. పొద్దున వంటా, చేపల బేరమూ అయిపోయి, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ముందుగది తుడిచి చీరలు పరుస్తుంది. వాటిని ముందురోజే ఉతికి ఇంట్లోనే ఆరేసి ఉంచుతుంది. బయట ఆరేస్తే సముద్రపు గాలిలోని ఉప్పు పట్టుకుని గుడ్డ ఎప్పటికీ చెమ్మ వదలదని ఆమె సిద్ధాంతం. బాగా పాతవి, మెత్తనివి మధ్య పొరలకు. ఇంకా కాస్త రంగున్నవి పై పొరకు. మూలలు లేవకుండా మొగుడి వలకు కట్టే సీసపు గుండ్లు నాలుగు తెచ్చి పెడుతుంది. తర్వాత దబ్బనం తీసుకుని మధ్యలోంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ అంచుల దాకా వస్తుంది.

అందరి బొంతలూ బొంతలే. పిచ్చమ్మ బొంతల మీద మాత్రం సంసారాలు కనిపిస్తాయి. చీర అంచులు కత్తిరించి చందువ చేపలు చేస్తుంది, ఎర్ర పమిటచెంగుల్లోంచి రొయ్యలు తీస్తుంది. పాలెంలోని పడవలు ఏది ఏ రంగో అదే రంగు గుడ్డతో వరసగా కుట్టి, యానాది వాళ్ళ గుండ్రటి పుట్టి పడవ కూడా మర్చిపోకుండా మూలకు పెట్టింది ఒకసారి. కూతురు రోజా దాన్ని ఫోటో తీసి ఫోన్లో పెట్టగానే, నెల్లూరు నుంచి వినీల అనే టీచరమ్మ వెతుక్కుంటూ వచ్చింది, వాళ్ళ అవ్వ చీరలు మూటకట్టుకుని. కొడవలూరు దగ్గర అవ్వ సాగుచేసిన వరిమడి ఎలా ఉంటుందో ఫోన్లో చూపించి, "ఇది కావాలి అక్కా" అంది. పిచ్చమ్మ జన్మలో వరి నాటి ఎరగదు. అయినా ఆకుపచ్చ చీరలన్నీ ముక్కలు చేసి, మధ్యలో గోధుమరంగు అంచులతో గట్లు, అవే గెనిమలు, వేసి, ఒక గెనిమ మీద తెల్ల కొంగను నిలబెట్టింది. వినీల ఆ కొంగను తడుముతూ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది.

పిచ్చమ్మకు ఇంకో గొప్ప కూడా ఉంది. కుట్టు చూసి కుట్టిన మనిషిని చెప్పేస్తానంటుంది. "ఇది తొందరపడే మనిషి కుట్టు. ఇది కోడలితో పోట్లాడి వచ్చి కూర్చున్న మనిషి కుట్టు" అని పాత బొంతలు తిరగేస్తూ చెబుతుంటే ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకునేవాళ్ళు. ఆ గొప్ప గాలికి పోయిన సంగతే ఇప్పుడు చెప్పబోయేది. అంతా మేలే జరిగింది గనక నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. జరుగుతున్నప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు.

పుట్టబోయే బిడ్డకు కుట్టే పురిటి బొంతకు ఒక నియమం ఉంది. పిచ్చమ్మకు వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకు ఎవరు చెప్పారో తెలియదు. మూడు మూలలూ మూసి, నాలుగో మూల ఒక వేలు దూరేంత తెరిచి ఉంచాలి. బిడ్డ కేరుమన్న తర్వాతే అమ్మమ్మ దాన్ని మూసి ముడివెయ్యాలి. "వాకిలి మూసేసిన ఇంటికి ఎవరన్నా వస్తారంటే? వచ్చేవాళ్ళకు దోవ ఉంచాల" అనేది వాళ్ళమ్మ. ఇంకో మాట కూడా అనేది. ఒకసారి వేసిన ముడిని విప్పకూడదు, కత్తిరించనే కూడదు. ముడి విప్పితే ఆయుష్షు విప్పినట్టే. పాలెంలో ఎందరో పిల్లలకు పిచ్చమ్మ ఈ లెక్కనే బొంతలు కుట్టి ఇచ్చింది.

సొంత కూతురికి మాత్రం కలిసిరాలేదు. రెండేళ్ళ కిందట రోజాకు ఏడో నెలలో కడుపు పోయింది. అప్పటికే పిచ్చమ్మ నీలంరంగు బొంత కుట్టి, మూల తెరిచి, సిద్ధంగా ఉంచింది. మూయవలసిన రోజు రాలేదు. ఆ బొంతను ఎవరికీ ఇవ్వబుద్ధి కాక, పారెయ్యనూలేక, పెట్టెలో అడుగున పెట్టి పైన దుప్పట్లు వేసేసింది. దాని మాట తల్లీ ఎత్తలేదు, కూతురూ ఎత్తలేదు.

అల్లుడు వినోద్ కృష్ణపట్నం పోర్టులో క్రేను నడుపుతాడు. ఈసారి రోజాకు ఏడో నెల దాటగానే తనే తెచ్చి దిగబెట్టి, "అత్తా, ఈసారి నువ్వు పక్కన్నే ఉండాల" అని చేతులు పట్టుకున్నాడు. పిచ్చమ్మ మళ్ళీ బొంత మొదలుపెట్టింది. భయపడుతూనే మొదలుపెట్టింది. ఈసారి పసుపురంగు. మధ్యలో ఒక పెద్ద తల్లి చేప, చుట్టూ పిల్ల చేపలు. మూడు మూలలు మూసి, నాలుగోది తెరిచి, మడతపెట్టి పెట్టె మీద బుట్టలో ఉంచింది.

ఇక్కడ పోలేరయ్య గురించి చెప్పుకోవాలి. పోలేరయ్య పిచ్చమ్మ మొగుడు. సముద్రంలో ఉన్నంతసేపూ మంచి మనిషి. వేసవిలో వేట నిషేధం వచ్చి, పడవలు ఒడ్డున బోర్లా పడుకుంటే మాత్రం ఇంటికి పెద్ద బెడద. వసారాలో కూర్చుని వలలు బాగుచేస్తాడు, అంతవరకు బాగానే ఉంటుంది. వల అయిపోయాక కూడా చెయ్యి ఆగదు. కనిపించిన ప్రతి చిల్లుకూ ముడి వేసేస్తాడు. దోమతెరకు వేస్తాడు, దడికి వేస్తాడు, పక్కింటి పిలకాయల నిక్కర్లకూ వేస్తాడు. ఒకసారి పిచ్చమ్మ జాకెట్టు చంక దగ్గర పిగిలితే అడక్కుండానే బాగుచేశాడు. వల ముడి మామూలు ముడి కాదు, లాగేకొద్దీ బిగుస్తుంది. ఆ జాకెట్టు వేసుకుని పెళ్ళికి వెళ్ళిన పిచ్చమ్మ చెయ్యి పైకెత్తలేక అక్షింతలు నడుం దగ్గర నుంచే విసరాల్సి వచ్చింది.

ఒకనాడు మధ్యాహ్నం పిచ్చమ్మ రేషను బియ్యం తెచ్చుకుని, తల్లి చేపకు కన్ను కుడదామని బుట్టలోంచి బొంత తీసింది. అలవాటుగా వేలు నాలుగో మూల మీదికి పోయింది. వేలు లోపలికి దూరలేదు. అటూ ఇటూ తిప్పి చూసింది. మూల మూసేసి ఉంది. చివర వల ముడి, పిడికిలి బిగించినట్టు.

లోపల గదిలో రోజా నిద్రపోతోంది. పిచ్చమ్మ బొంతను గుండెలకు అదుముకుని వసారాలోకి వచ్చింది.

"ఏమయ్యా! ఈ మూల ఎవురు ముయ్యమన్నారు నిన్ను?"

పోలేరయ్య చేతిలో వల పక్కన పెట్టాడు. మూలను వెలుతురు వైపు పట్టుకుని, ముడి మీద బొటనవేలు ఇటూ అటూ రుద్దాడు. ఒకసారి లోపలి గది వైపు చూశాడు.

"నేనే అయ్యుంటా" అన్నాడు.

"అయ్యుంటా ఏంది? మూసినావా లేదా?"

"మూసినాలే. చిల్లు కనపడితే చెయ్యి ఊరుకోదు గదా మే."

"నీ చేతులు ఇరగ! అది చిల్లా? బిడ్డ వచ్చే దోవయ్యా అది! ఇన్నేళ్ళు నాతో కాపరం చేసినావు, పురిటి బొంత మూల తెరిచి పెడతారని తెలీదా నీకు?"

ఇదంతా గొంతు పెంచకుండా అనాల్సి వచ్చింది, కూతురు లేస్తుందని. తిట్టే తిట్టును గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో పిచ్చమ్మకు ఆ రోజు తెలిసింది. పోలేరయ్య తల వంచుకుని అన్నీ విన్నాడు.

"పోనీ, విప్పేదా?" అన్నాడు చివరికి.

"విప్పు! ఆ పాపం గూడా చెయ్యి!" అని ఆమె బొంత లాక్కుంది.

అలా చిక్కుపడింది వ్యవహారం. మూసి ఉంచితే వచ్చే బిడ్డకు దోవ లేదు. విప్పితే ఆయుష్షు ఉండదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, సరిగ్గా ఆ రెంటి మధ్యనా పిచ్చమ్మ. పోలేరమ్మకు పొంగలి పెడతానని మొక్కుకుంది. రోజాతో మాత్రం ఒక్క మాట చెప్పలేదు. ఒకసారి దెబ్బతిన్న పిల్ల, వింటే గుండె పగులుతుందని ఆమె భయం. బొంతను మడతపెట్టి, ఆ మూల లోపలికి పోయేట్టు మడతపెట్టి, బుట్టలో అడుగుకు తోసింది.

మొగుడి మీద కోపం మాత్రం పులుసులో తేలింది. ఏట్లో దొరికిన చేపలతో మామిడికాయ వేసి పులుసు పెట్టిన ప్రతిసారీ పోలేరయ్య కంచంలో తోక ముక్కలే పడేవి. తోకలు లేకపోతే ముళ్ళు పడేవి. ఆయన ఒక్కొక్క ముల్లూ తీసి పక్కన వరసగా పేర్చుకుని తినేవాడు.

"నాయనకు ఎప్పుడూ తోకేనా అమ్మా?" అని ఒకరోజు రోజా అడిగింది.

"ఆయనకదే ఇష్టం" అంది పిచ్చమ్మ.

రోజా తండ్రి వైపు చూసింది. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. "అమ్మా..." అని ఏదో చెప్పబోయింది.

"ఏంది?"

"ఏం లేదులే" అని రోజా ఇంకాస్త పులుసు పోసుకుంది. పిల్ల ఆకలిగా తింటోందని, రంగు తేలిందని, పట్టపగలు కూడా ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోందని పిచ్చమ్మ గమనించకపోలేదు. పాపం, ఏమీ తెలియదు గనక నిశ్చింతగా ఉందనుకుంది. తెలిసిన తనకు మాత్రం రెప్ప పడడం లేదు. ఏ పని చేస్తున్నా వేలి కొస మీద ఆ ముడే తగులుతున్నట్టుండేది.

ఇంకో వారంలో పడవలు సముద్రంలోకి దిగుతాయనగా, ఒకరోజు తెల్లవారుతుండగానే రోజాకు నొప్పులు మొదలయ్యాయి. వినోద్‌కు ఫోను చేశారు, అతను పోర్టు నుంచి నేరుగా గూడూరు వచ్చేస్తానన్నాడు. పోలేరయ్య ఆటో పిలుచుకొచ్చాడు. పిచ్చమ్మ సంచిలో పాత నూలు చీరలు, ఫ్లాస్కు, గ్లాసులు సర్దింది. బుట్ట వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

"బొంత పెట్టినావా?" అని రోజా పళ్ళు బిగబట్టి అడిగింది.

"ఇప్పుడెందుకమ్మా? ఇంటికొచ్చినాక చూసుకుందాం. చీరలు పెట్టినా గదా."

"బొంత లేకుండా నేను ఆటో ఎక్కను."

ఆ గొంతు విన్నాక పిచ్చమ్మ కాదనలేకపోయింది. దారి పొడుగునా రోజా ఆ బొంతను కడుపుకు ఆనించి పట్టుకునే ఉంది. ఆటో గతుకులో పడ్డప్పుడల్లా ఎడమచేతి వేళ్ళు మడతల్లోకి పోయి దేన్నో గట్టిగా పట్టుకునేవి. పిల్ల చెయ్యి సరిగ్గా ఆ మూల మీదే ఉందని పిచ్చమ్మ చూసి, కళ్ళు మూసుకుని, దోవలో కనిపించిన ప్రతి గుడికీ ఒక మొక్కు మొక్కింది. గూడూరు చేరేసరికి ఏ దేవుడికి ఏమి మొక్కిందో ఆమెకే గుర్తులేదు.

ఆసుపత్రిలో రోజాను లోపలికి తీసుకెళ్ళారు. వినోద్ వచ్చాడు, వచ్చి వసారాలో ఆ కొసకూ ఈ కొసకూ నడవడం మొదలుపెట్టాడు. పోలేరయ్య మెట్ల మీద కూర్చుని, ఎక్కడో దొరికిన ప్లాస్టిక్ తాడుకు ముడులు వేస్తూ విప్పుతూ ఉన్నాడు. పిచ్చమ్మకు ఆ ముడులు చూస్తే ఒళ్ళు మండింది. ఎండ ముదిరింది. లోపలి నుంచి ఎవరు వచ్చినా ఆమె లేచి నిలబడేది, వాళ్ళు ఇంకెవరి పేరో పిలిస్తే మళ్ళీ కూర్చునేది. అమ్మా, నువ్వెందుకు చెప్పినావే ఆ నియమం, చెప్పకపోతే నాకీ బాధ లేకపోను గదా అని చచ్చిపోయిన తల్లిని కూడా మనసులో నాలుగు తిట్లు తిట్టుకుంది.

అప్పుడు వినిపించింది. ముందు సన్నగా, పిల్లి కూన అరిచినట్టు, తర్వాత గోడలు దద్దరిల్లేట్టు. అంత పెద్ద గొంతు పాలెంలో వేలం పాడేవాళ్ళకు కూడా లేదు.

నర్సు తలుపు తీసి, "రోజా వాళ్ళెవరు? ఆడబిడ్డ. తల్లీ బిడ్డా బాగుండారు" అంది.

పిచ్చమ్మ ఉన్నచోటనే నేల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఏడిచిందమ్మా! మా బిడ్డ ఏడిచింది! ఎంత బాగా ఏడిచిందో విన్నావా?" అంది. ఆవిడ కూడా విన్నానని తల ఊపి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ గుండె మీద కూర్చున్న బరువు ఎటు పోయిందో పోయింది. ఒళ్ళు ఎంత తేలికైందంటే లేచి నిలబడడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

వినోద్ మామను కౌగిలించుకుని గాల్లోకి ఎత్తేశాడు. కిందికి దిగాక పోలేరయ్య మెల్లగా పెళ్ళాం దగ్గరికి వచ్చాడు. పిచ్చమ్మ కొంగు ముడి విప్పి, "రా, సోడా తాగుదాం" అంది. గేటు బయట బండి దగ్గర నిలబడి ఇద్దరూ నిమ్మకాయ సోడా తాగారు. గూడూరు నిమ్మకాయ, మంచి పులుపు. పోలేరయ్య గ్లాసు సగం ఖాళీ చేసి, జాగ్రత్తగా అడిగాడు.

"తిట్లు అయిపోయినట్టేనా?"

"దేవత చల్లగా చూసింది కాబట్టి బతికిపోయినావు. ఇంకో సోడా తాగుతావా?"

"తాగుతా" అన్నాడాయన.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి, పురుడు పోసి, చుట్టాలంతా చూసిపోయాక ఇల్లు కాస్త నిమ్మళించింది. పడవలు నీళ్ళలో దిగి తొలివేట కూడా అయింది. ఆ సాయంత్రం సముద్రం వైపు నుంచి చల్లగాలి తిరిగింది. చీర ఉయ్యాలలో పసుపు బొంత మీద పిల్ల పడుకుంది. మంచం మీద రోజా, కింద పిచ్చమ్మ, వసారాలో పోలేరయ్య. పిచ్చమ్మకు ఇక దాచుకోవడం చేతకాలేదు.

"నీకొక మాట చెప్పాల రోజా. ఇంతకాలం భయపడి చెప్పలా. నువ్వు మీ నాయన మీద కోప్పడగూడదు."

"ఏందమ్మా?"

"ఆ బొంత మూల... నువ్వు కనకముందే మూసుకునిపోయింది. మీ నాయన, ఆయన పిచ్చి పాడుగాను, చిల్లనుకుని వల ముడి వేసేసినాడు. విప్పలేను, ఉంచలేను. పిల్ల కేరుమనే దాకా నా పానం నాదిగాదు తల్లీ."

రోజా మంచం మీద లేచి కూర్చుంది.

"ఆ ముడి సరిగా చూసినావా అమ్మా?"

"చూడకేం?"

"మళ్ళీ చూడు."

పిచ్చమ్మ ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. పిల్లను కదిలించకుండా బొంత మూల బయటికి లాగి, వాకిలి వెలుతురులో చూసింది. కుట్టు కుడి నుంచి ఎడమకు పోలేదు. ఎడమ నుంచి కుడికి వాలింది. ముడి కూడా తిరగబడి కూర్చుంది. ఎడంచేత్తో వేసిన ముడి అది. ఇంట్లో ఎడంచేతివాటం మనిషి ఒక్కతే. చిన్నప్పుడు తల్లి దగ్గర దబ్బనం పట్టమంటే పారిపోయి, తండ్రి పక్కన చతికిలబడి వల ముడులు నేర్చుకున్న పిల్ల.

ఊరందరి కుట్లూ చదివి చెప్పే పిచ్చమ్మ ఇన్నాళ్ళూ సొంత కూతురి కుట్టును పోల్చుకోలేకపోయింది.

"నేనే మూసినా" అంది రోజా. "నువ్వు రేషను బియ్యానికి పోయినప్పుడు. పోయినసారి నువ్వు చెప్పినట్టే మూల తెరిచి పెట్టినాం గదమ్మా. వచ్చేవాళ్ళకు దోవ ఉంచాలన్నావు. ఆ దోవలోనే నా బిడ్డ పోయింది. వచ్చే వాకిలే గదా పోయే వాకిలి గూడా. ఈసారి పోనీయనని మూసేసినా."

"నాతో చెప్పకపోతివే!"

"చెప్తే విప్పమంటావని భయం. ఆడికీ నాయన తిట్లు తింటుంటే చెప్పాలనుకున్నా. నాయనే చెప్పొద్దన్నాడు. ముడి చూడంగానే తెలిసిపోయింది ఆయనకు. నా దగ్గరికొచ్చి, 'నీళ్ళు గూడా కారకుండా బిగిచ్చినావు బిడ్డా' అన్నాడు. అంతే, ఇంకేం అడగలా."

"అయితే నేను అన్ని దినాలు కంటిమీద కునుకు లేకుండా చస్తుంటే నువ్వు..."

"హాయిగా నిద్రపోయినానమ్మా" అంది రోజా. "అంతకు ముందు పట్టేది కాదు. మూల మూసినాకనే పట్టింది."

పిచ్చమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. అది బాధ కాదు. తన కూతురు ఆ చివరి రోజులు భయంతో గడపలేదు, తన చేత్తో తనే ఒక ధైర్యం కుట్టుకుని దాని మీద తల వాల్చి పడుకుంది. అంతకన్నా తల్లికి కావలసింది ఏముంటుంది? వాళ్ళమ్మ చెప్పిన మాట తప్పని ఆమె అనుకోలేదు, ఒప్పని కూడా అనుకోలేదు. ఆ మాట పుట్టినప్పుడు బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఎవరూ అడిగి ఉండరని మాత్రం అనిపించింది.

లేచి పెట్టె తెరిచింది. దుప్పట్లు తీసి పక్కన పెట్టి, అడుగునుంచి నీలం బొంత పైకి తీసింది. రెండేళ్ళుగా మడతలోనే ఉండి, మడత గీతలు పడిపోయాయి. నాలుగో మూల అలాగే తెరిచి ఉంది. రోజా దాన్ని చూసి కళ్ళు తిప్పుకోలేదు. చెయ్యి చాచి ఒళ్ళోకి తీసుకుంది.

"దాచిపెట్టినావా?"

"యాడ పారేసేది తల్లీ?"

"దీన్ని గూడా మూసెయ్యమ్మా. ఇది నాకు. తలకింద పెట్టుకుంటా."

పిచ్చమ్మ దబ్బనం తీసుకుంది. దారం ఎక్కించబోతే కళ్ళలో నీళ్ళకు బెజ్జం కనిపించలేదు. రెండుసార్లు చూసి, వసారా వైపు కేకేసింది.

"ఏమయ్యా!"

"నేనేం ముట్టుకోలా" అన్నాడు పోలేరయ్య అక్కడినుంచే, తల కూడా తిప్పకుండా.

"ముట్టుకోమనే పిలుస్తుండా, రా."

ఆయన లోపలికి వచ్చాడు. కూతురి ఒళ్ళో నీలం బొంత చూశాడు. నేల మీద కూర్చుని, చేతులు పంచెకు తుడుచుకుని, దబ్బనానికి దారం ఎక్కించి, తెరిచిన మూలను వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో పెళ్ళాం చేతిలో దబ్బనం తనకు రావడం అదే మొదటిసారి. ఎక్కడ కోప్పడుతుందోనని మెల్లగా, చిన్న చిన్న కుట్లు వేశాడు. చివరికి వచ్చి ఆగాడు.

"గట్టిగా వేసేదా, వదులుగానా?"

పిచ్చమ్మ కూతురి వైపు చూసింది. రోజా తల ఊపింది.

"గట్టిగానే వెయ్యి" అంది పిచ్చమ్మ. "ఇంక దాంట్లోంచి పోవాల్సినోళ్ళు ఎవురూ లేరు."

పోలేరయ్య ముడి బిగించి దారం కొరికాడు. రోజా ఆ బొంతను నాలుగు మడతలు వేసి తలకింద పెట్టుకుని, ఉయ్యాల తాడు ఎడమచేత్తో పట్టుకుంది. రెండు ఊపులు ఊపిందో లేదో తల్లీ బిడ్డా ఇద్దరూ నిద్రపోయారు.

పిచ్చమ్మ వంటింట్లోకి వెళ్ళి కంచం కడిగింది. పులుసు గిన్నెలో గరిటె పెట్టి వెతికి, మంచి నడుం ముక్క తీసి మొగుడి అన్నంలో వేసింది. కాసేపు ఆలోచించి ఇంకోటి కూడా వేసింది.